అంకెకు పేరు పెట్టే చేయి: కులం లెక్కల్లో లుకప్ టేబుల్

కులం లెక్క తీయాలా వద్దా అన్న వాదన మనకు కొత్తది కాదు. తీయమని అడిగింది అణగారిన కులాలు. తీస్తే సమాజం చీలిపోతుందని బెంగపడ్డది ఎవరో అందరికీ తెలిసిందే. ఎంతమందిమి, ఎంత శాతం, ఎంత వాటా అన్న ప్రశ్నల చుట్టే ఈ వాదన తిరిగింది. తిరగాల్సిందే గూడా. అయితే ఆ అంకెలు తయారయ్యే దారిలో ఒక మజిలీ వుంది. మనిషి నోటితో చెప్పిన కులం అక్కడ ఒక సంఖ్యగా మారుతుంది. ఆ సంఖ్య తిరిగి ఒక పేరుగా మారి నివేదికలోకి ఎక్కుతుంది. సంఖ్యను పేరుగా మార్చే పట్టికను కంప్యూటర్ పనివాళ్లు లుకప్ టేబుల్ అంటారు. అది సాంకేతిక విషయం, కంప్యూటర్ తెలిసినోళ్లు చూసుకుంటారులే అనుకోవటం పరిశోధనా రంగంలో రివాజుగా వుంది.

ఈ రివాజును ప్రశ్నించటమే ఈ వ్యాసం వుద్దేశం. లుకప్ టేబుల్ అనువాదకుడి లాంటిది. అనువాదకుడు తటస్థుడని ఎవరూ నమ్మరు, ఈ పట్టికను మాత్రం నమ్ముతున్నారు. ఎవరు ఎవరిలో కలుస్తారు, ఎవరు 'ఇతరులు' అవుతారు, ఎవరు మొత్తానికే రాలిపోతారు అన్న నిర్ణయాలు చాలాసార్లు జరిగేది ఈ పట్టికలోనే. కాబట్టి దీన్ని ఒక రాజకీయ పత్రంగా చదవాలనీ, బయటపెట్టమని అడగాలనీ మేము అంటున్నాం.

పట్టిక ఏం చేస్తుంది?

జాతీయ నమూనా సర్వేల ఫైళ్లు తెరిచి చూసిన పరిశోధకులకు ఈ సంగతి తెలుసు. 'సామాజిక వర్గం' అన్న గడిలో మాటలుండవు, అంకెలుంటాయి. 1 అంటే షెడ్యూల్డు తెగ, 2 అంటే షెడ్యూల్డు కులం, 3 అంటే ఇతర వెనుకబడిన తరగతి, 9 అంటే ఇతరులు. లక్ష ఇళ్ల వివరాలున్న పెద్ద పట్టిక ఒకటి, ఈ నాలుగు అంకెలకూ నాలుగు పేర్లున్న చిన్న పట్టిక ఇంకొకటి. ఎస్‌క్యూఎల్ అనే భాషలో 'జాయిన్' అన్న ఆజ్ఞ ఇస్తే, పెద్ద పట్టికలోని ప్రతి అంకెనూ చిన్న పట్టికలో వెతికి దాని పక్కన పేరు అతికిస్తుంది. చూసేవాళ్లకు 2 బదులు 'షెడ్యూల్డు కులం' అని కనబడుతుంది. పని ఇంతే.

ఈ పద్ధతి వెనక మంచి ఆలోచనే వుంది. 1970లో ఐబీఎం సంస్థలో పనిచేసే కాడ్ అనే శాస్త్రవేత్త సంబంధ నమూనాను ప్రతిపాదించాడు. దాని మీద ఆధారపడి 1974లో అదే సంస్థకు చెందిన చాంబర్లిన్, బాయిస్ ఈ భాషకు తొలిరూపం ఇచ్చారు. ఒక విషయాన్ని ఒక్కచోటే రాయాలి, మిగతా చోట్ల దాని గుర్తు మాత్రమే వాడాలి అన్నది ఆ నమూనా నుంచి పుట్టిన నియమం. లక్ష వరుసల్లో లక్షసార్లు కులం పేరు రాస్తే, రాసే చేతులు మారినకొద్దీ అక్షరాలు మారతాయి. ఒకరు దీర్ఘం ఇస్తారు, ఇంకొకరు ఇవ్వరు. యంత్రం దృష్టిలో అవి రెండు వేరే కులాలైపోతాయి. కోడ్ వాడితే ఆ గొడవ లేదు. పేరు మార్చాల్సి వస్తే ఒక్క చోట మారిస్తే చాలు. 'హరిజన' అన్న మాటను కుల ధృవీకరణ పత్రాల్లో రాయొద్దని 1982లో కేంద్ర హోంశాఖ చెప్పింది. కాగితం దస్త్రాల్లో ఆ మాటను ప్రతి పేజీలో కొట్టేయాలి. లుకప్ టేబుల్ అయితే ఒక్క వరుస సవరిస్తే సరిపోతుంది.

అందువల్ల మా విమర్శ కోడ్ మీద కాదు. మనిషిని అంకె చేశారని వాపోయే మానవతావాద ధోరణి మాది కాదు. అంకెలు లేకపోతే నష్టపోయేది మనమే. ఆ అంకెకు పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో వుంది, అది ఎట్లా అమలవుతోంది అన్నదే మా ప్రశ్న.

కాలం లేని పట్టిక

మొదటి లోపం కాలానికి సంబంధించింది. 1993–94లో జరిగిన 50వ విడత నమూనా సర్వేలో ఇతర వెనుకబడిన తరగతులకు విడిగా కోడ్ లేదు. వాళ్లు 9లో, అంటే 'ఇతరులు'లో వున్నారు. 1999–2000లో జరిగిన 55వ విడత నుంచి వాళ్లకు వేరే కోడ్ వచ్చింది. 9 అన్న అంకె మారలేదు. 'ఇతరులు' అన్న పేరూ మారలేదు. లోపలున్న మనుషులు మారిపోయారు. మొదటి దాంట్లో గొల్ల, కురుమ, చాకలి, మంగలి, కమ్మ, రెడ్డి, బ్రాహ్మణ అందరూ ఒకే గంపలో వున్నారు. రెండో దాంట్లో ఆ గంపలో మిగిలింది ఎక్కువగా ఆధిపత్య కులాలే.

ఇప్పుడు ఒక పరిశోధకుడు ఈ రెండు విడతలనూ ఒకే పట్టికలో పేర్చి, కోడ్‌కు పేరు అనే రెండు గడుల లుకప్ టేబుల్‌తో కలిపాడనుకుందాం. ఎక్కడా పొరపాటు చూపించదు. ఆజ్ఞ సజావుగా నడుస్తుంది. ఫలితంలో 'ఇతరుల' సగటు ఖర్చు ఎగబాకినట్టు, దళితులకూ వాళ్లకూ మధ్య అంతరం ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ ఎగబాకటంలో కొంత భాగం జీవితంలో జరిగింది కాదు, గంపలోంచి పేదవాళ్లను తీసి పక్కన పెట్టటం వల్ల వచ్చింది. తిరగేసి చూస్తే ఇంకో నిజం తెలుస్తుంది. 1993–94 లెక్కల్లో ఆధిపత్య కులాల సంపద వెనుకబడిన కులాల పేదరికం కింద దాక్కుని వుంది. దళితులకూ 'ఇతరులకూ' తేడా మరీ అంత లేదు గదా అని చెప్పడానికి ఆ అంకెలు పనికొచ్చాయి. ఈ మాయకు చోటిచ్చింది ఆ ఒక్క అంకే.

దీనికి మందు కష్టమేం కాదు. చిన్న పట్టికలో కోడ్, పేరుతోపాటు 'ఎప్పటి నుంచి', 'ఎప్పటి దాకా' అన్న రెండు గడులు వుండాలి. జాయిన్ చేసేటప్పుడు కోడ్ ఒక్కటే సరిపోలితే చాలదు, సర్వే తేదీ ఆ రెండు తేదీల మధ్య పడాలన్న షరతు గూడా రాయాలి. ఆ షరతు మరిచిపోతే ఇంకో ప్రమాదం ముంచుకొస్తుంది. ఒకే కోడ్‌కు పాత పేరు ఒక వరుస, కొత్త పేరు ఒక వరుస వుంటే, యంత్రం ఒక్కో మనిషిని రెండుసార్లు అతికిస్తుంది. నూరుమంది రెండొందలమంది అవుతారు. తేదీలు ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోవటం అందుకే అవసరం.

ఈ తేదీల గడి ఎంత ముఖ్యమో తెలియాలంటే మన రెండు రాష్ట్రాల ఎస్సీ వర్గీకరణ చరిత్ర చూడండి. వర్గీకరణ మంచిచెడ్డల చర్చలోకి ఇక్కడ పోవటం లేదు. లెక్కల సంగతే చెబుతున్నాం. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ నివేదిక తర్వాత 1997లో ఎ, బి, సి, డి గ్రూపులు వచ్చాయి. ఎ గ్రూపుకు 1 శాతం, బి గ్రూపుకు 7, సి గ్రూపుకు 6, డి గ్రూపుకు 1. ఆ జీవోలను హైకోర్టు కొట్టేసింది. 1999లో ఆర్డినెన్సు, 2000లో చట్టం వచ్చాయి. 2004 నవంబర్ 5న చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. రెండు దశాబ్దాలు గడిచాక, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. 2025 ఏప్రిల్‌లో రెండు రాష్ట్రాలూ మూడేసి గ్రూపులు చేశాయి. తెలంగాణలో మొదటి గ్రూపు 15 కులాలకు 1 శాతం, రెండో గ్రూపు 18 కులాలకు 9, మూడో గ్రూపు 26 కులాలకు 5. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి గ్రూపు 12 కులాలకు 1, రెండోది 18 కులాలకు 6.5, మూడోది 29 కులాలకు 7.5.

ఒక మాదిగ విద్యార్థి 2001లో 'బి'. 2010లో అతనికి గ్రూపు లేదు. ఇప్పుడు 'రెండో గ్రూపు'. ఈ ముగ్గురిదీ ఒకే కులం, ఒకే కోడ్ కావచ్చు. తేదీ లేని లుకప్ టేబుల్ పెట్టుకుని పాత ప్రవేశాల రికార్డులన్నిటికీ ఇవాళ్టి గ్రూపు పేరు తగిలిస్తే, 2010లో లేని రిజర్వేషన్ కింద సీట్లు భర్తీ అయినట్టు నివేదిక తయారవుతుంది. వర్గీకరణ వున్న నాలుగేళ్లలో ఎవరికెంత దక్కింది, లేని ఇరవయ్యేళ్లలో ఎవరికెంత పోయింది అన్న ప్రశ్నకు జవాబు ఆ పట్టికతోనే తుడిచిపెట్టుకుపోతుంది. రెండు పక్షాల వాదనలకూ ఆధారం ఆ జవాబే గదా.

రాష్ట్రం, మతం: తాళానికి ఎన్ని పళ్లు?

రెండో లోపం కోడ్ ఒక్కటే చాలునన్న నమ్మకం. షెడ్యూల్డు కులాల జాబితా దేశమంతటికీ ఒకటి కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాల వారీగా జాబితాలు ఇచ్చింది. ఆ తర్వాత 1956, 1976, 2002 సవరణల్లో అవి మారుతూ వచ్చాయి. బట్టలుతికే కులం ఉత్తరప్రదేశ్‌లో, బీహార్‌లో 'ధోబీ'గా షెడ్యూల్డు కులం. మన దగ్గర 'రజక'గా వెనుకబడిన తరగతి. వృత్తి ఒకటే, అవమానం ఒకటే, చట్టం ముందు వర్గం వేరు. పేరు చూసి వర్గం నిర్ణయించే పట్టిక ఇక్కడ బోర్లాపడుతుంది. వలసపోయిన కుటుంబాల లెక్కల్లో అయితే ఏ రాష్ట్రపు జాబితా వర్తిస్తుందన్నది ఇంకో చిక్కు.

దీనికి మతం తోడవుతుంది. 1950 ఉత్తర్వు మూడో పేరా ప్రకారం మొదట హిందువులే షెడ్యూల్డు కులాలు. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవం తీసుకున్న దళితుడు మన రెండు రాష్ట్రాల్లో 'బీసీ–సి' అవుతాడు, ఆ గ్రూపు వాటా 1 శాతం. అదే వాడ, అదే బావి, అదే శ్మశానం. ఆదివారం ఎటు పోతాడన్న దాన్నిబట్టి లేబుల్ మారుతుంది. కాబట్టి 'మాల' అన్న కోడ్ నుంచి 'ఎస్సీ' అన్న లేబుల్‌కు నేరుగా దారి లేదు. మధ్యలో మతం గడి, రాష్ట్రం గడి, తేదీ గడి వున్నాయి. ఎస్‌క్యూఎల్‌లో వరుసను గుర్తుపట్టే గడిని 'కీ' అంటారు. ఆ తాళంచెవికి నాలుగు పళ్లుండాల్సిన చోట ఒక్క పన్ను పెట్టి తాళం తిప్పుతున్నారు.

ఇంతకూ కులం పేరు, కులం కోడ్, చట్టం ఇచ్చిన వర్గం అనేవి మూడు వేరు వేరు విషయాలు. కులం అన్నది సామాజిక వాస్తవం. వర్గం అన్నది రాజ్యం చేసిన నిర్ణయం. ఈ రెంటినీ ఒకే పట్టికలో ఒకే వరుసలో ఇరికిస్తే రాజ్యం నిర్ణయమే సామాజిక వాస్తవంగా చెలామణీ అవుతుంది. కోడ్‌ను కులానికి కలిపే పట్టిక వేరుగా, కులాన్ని వర్గానికి కలిపే పట్టిక వేరుగా వుంటే, దళిత క్రైస్తవులను ఎస్సీలుగా లెక్కిస్తే చిత్రం ఎట్లా మారుతుందో ఒక్క ఆజ్ఞతో చూడొచ్చు. కలిపేస్తే ఆ ప్రశ్న అడిగే వీలే వుండదు.

రాలిపోయేవాళ్లు

మూడో లోపం అన్నిటికన్నా నిశ్శబ్దమైనది. జాయిన్‌లో రకాలున్నాయి. 'ఇన్నర్ జాయిన్' అనే రకం రెండు పట్టికల్లోనూ జత దొరికిన వరుసలనే వుంచుతుంది. జత దొరకని వాటిని ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది. 'లెఫ్ట్ జాయిన్' అనే రకం పెద్ద పట్టికలోని అందరినీ వుంచి, పేరు దొరకనివాళ్ల పక్కన ఖాళీ చూపిస్తుంది. ఈ ఖాళీని 'నల్' అంటారు.

నూరు ఇళ్లున్న వూరు అనుకుందాం. పద్దెనిమిది ఇళ్లకు మాల, మాదిగ కోడ్‌లు సరిగ్గా పడ్డాయి. ఐదు ఇళ్లు డక్కలివాళ్లవి. వాళ్ల కోడ్ ఆ చిన్న పట్టికలో లేదు, లేదా '07' అని వుండాల్సింది సంఖ్యగా చదివినందువల్ల ముందున్న సున్నా ఎగిరిపోయి '7' అయింది. అక్షరాలుగా పోల్చినప్పుడు '07', '7' ఒకటి కావు. ఇన్నర్ జాయిన్ చేస్తే మిగిలేది 95 ఇళ్లు. ఎస్సీల వాటా 18.9 శాతం. అసలుది 23 శాతం. నివేదిక చదివేవాళ్లకు మొత్తం 95 అని కనిపిస్తుందే తప్ప, పోయిన ఐదుగురూ ఒకే గుడిసెల వరుసకు చెందినవాళ్లని తెలియదు.

ఖాళీలు కనబడితే నివేదిక అందంగా వుండదని కొందరు ఇంకో పని చేస్తారు. 'కోఅలెస్' అనే మాటతో ఖాళీ వున్నచోటల్లా 'ఇతరులు' అని నింపుతారు. లేదా 'కేస్' వాక్యం రాసి చివర 'ఎల్స్' దగ్గర 'ఇతరులు' అని పెడతారు. అంటే ఫలానా కాదు, ఫలానా కాదు, ఇంకేదైనా అయితే ఇతరులు అని అర్థం. అప్పుడు ఆ డక్కలి ఇల్లు రెడ్డిగారి ఇంటితో కలిసి ఒకే లేబుల్ కిందికి పోతుంది. వూళ్లో ఎన్నడూ జరగని సహపంక్తి ఆ ఫైల్లో జరుగుతుంది. 'ఇతరులు' అన్న మాటకు రెండర్థాలు అంటుకుంటాయి. ఒకటి, ఏ రిజర్వేషనూ లేని కులాలు. రెండు, మాకు తెలియని కులాలు. ఈ రెంటికీ ఒకే లేబుల్ పెట్టటం సౌకర్యం కావచ్చు, పరిశోధన మాత్రం కాదు.

నల్ గురించి ఇంకో మాట. ఎస్‌క్యూఎల్‌లో ఖాళీ దేనికీ సమానం కాదు, దేనికీ అసమానమూ కాదు. 'ఎస్సీ అయినవాళ్లను చూపించు' అంటే ఖాళీ లేబుల్ వున్న మనిషి రాడు. సరే. 'ఎస్సీ కానివాళ్లను చూపించు' అన్నా అతను రాడు. రెండు జాబితాలూ కూడితే మొత్తం రాదు. యంత్రం తర్కంలో దీనికి కారణం వుంది, తెలియనిదాని గురించి అవుననీ కాదనీ చెప్పలేం గదా. అయితే ఆ తర్కం తెలియని చేతుల్లో పడితే ఆ మనిషి ఇటూ కాకుండా అటూ కాకుండా పోతాడు. కులం చెప్పనన్నవాళ్లూ, కులం పేరు రాసుకునే దిక్కులేని సంచార కుటుంబాలూ ఒకే ఖాళీలో మాయమవుతారు. మొదటివాళ్లకు అది ఇష్టం, రెండోవాళ్లకు అది అన్యాయం. కనీసం ఈ రెంటికీ వేరే కోడ్‌లుండాలి.

లేబుల్ ఎవరి నోట్లో మాట?

నాలుగో విషయం పేరు గురించి. మన రాష్ట్రాల షెడ్యూల్డు కులాల జాబితాలో 59 పేర్లున్నాయి. అవి ఇంగ్లీషు అక్షరక్రమంలో వున్నాయి. జనం 'బైండ్ల' అనే పేరును అక్కడ ఇంగ్లీషులో రాసిన తీరు చూస్తే 'బింద్ల' అని చదువుకోవాలి. జనం 'డక్కలి' అనేది అక్కడ 'దక్కల్, డొక్కల్‌వార్'. ఇంగ్లీషు జాబితాను యంత్రంతో తెలుగులోకి తిప్పి లేబుల్‌గా పెడితే, ఆ కులంలో ఎవరూ ఎన్నడూ పలకని పేరు వాళ్లకే చూపించి 'ఇది మీరేనా' అని అడిగినట్టవుతుంది. అక్షరం పోల్చుకోలేక ఎన్యూమరేటర్ పక్క కులాన్ని ఎంచుకుంటే తప్పు ఎవరిది?

ఇంకా చిత్రమేమంటే, జాబితాలో ఒకే వరుసలో ఘాసి, హడ్డి, రెల్లి, చచండి అని నాలుగు పేర్లున్నాయి. మళ్లీ వేరే వరుసలో 'రెల్లి' ఒక్కటే వుంది. కోడ్‌ను వదిలి పేరుతో జాయిన్ చేసే మనిషికి ఇక్కడ రెల్లి రెండుసార్లు తగులుతుంది. లెక్క రెట్టింపవుతుంది. పేరు మీద గ్రూప్ చేస్తే రెండు వరుసలూ కలిసిపోతాయి. రెండూ తప్పే. 'చండాల', 'పరయ' అన్న మాటలు గూడా ఆ జాబితాలో ఇంకా వున్నాయి. చట్టానికి కావాల్సిన పేరు ఒక గడిలో, జనం తమను తాము పిలుచుకునే పేరు ఇంకో గడిలో వుంచటానికి యంత్రానికి అడ్డేమీ లేదు. తెరమీద రెండోది చూపించొచ్చు. అడ్డమల్లా ఆలోచనకే.

లేబుల్ కోసం పోరాటం కంప్యూటర్లకు చాలా ముందే మొదలైంది. 1917లో బెజవాడలో పంచమ మహాజన సభ పేరుతో సమావేశమైతే, అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డివర్మ ఆ పేరునే తిరస్కరించాడు. అది ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అన్న పేర్లను గుర్తించింది. పక్కవాడు పెట్టిన పేరు కొట్టేసి సొంత పేరు రాయించుకోవటం అంటే అదీ. అయితే ఆ పేరుకు తర్వాత ఇంకో చరిత్ర గూడా వుంది. మాలలూ మాదిగలూ ఇద్దరూ ఆ పేరు రాయించుకున్నారు. అందువల్ల 1997 వర్గీకరణలో 'ఆది ఆంధ్ర' డి గ్రూపుగా విడిగా నిలిచింది. ఆత్మగౌరవం కోసం ఎంచుకున్న లేబుల్ మీదే ఎనభయ్యేళ్ల తర్వాత వాటాల లెక్క ఆధారపడింది. ఏ లేబులైనా శాశ్వతం కాదని, దాని వెనక వున్న మనిషి మాటను పారేయకూడదని ఇందులో మనకు పాఠం వుంది.

రెండు కొసలు

పట్టిక లేకపోతే ఏమవుతుందో, తొందరగా పట్టిక చేస్తే ఏమవుతుందో చూడ్డానికి రెండు సందర్భాలు చాలు.

2011 సామాజిక, ఆర్థిక, కుల గణనలో కులం చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. 1931 జనగణనలో 4,147 కులాలుంటే ఇందులో 46 లక్షలకు పైగా పేర్లు వచ్చాయని 2021లో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. కాబట్టి ఆ లెక్క వాడుకోవటానికి పనికిరాదన్నది వాదన. 46 లక్షల పేర్లంటే 46 లక్షల కులాలు కాదు. ఇంటిపేరు, గోత్రం, ఉపకులం, అక్షరదోషం అన్నీ అందులో వున్నాయి. ఇది దేశంలో కులం గందరగోళంగా వుందనటానికి రుజువు కాదు, పేర్లను కులాలకు జతచేసే పట్టిక తయారుకాలేదనటానికి రుజువు. అది ఓపికతో, ప్రాంతాల భాష తెలిసినోళ్లతో, ఆయా కులాల మనుషులతో కూర్చుని చేయాల్సిన పని. చేయని పనిని చేయలేని పనిగా చూపించారు. మూల మాటలు పదిలంగా వుంటే ఆ పట్టిక ఇప్పటికైనా చేయొచ్చు.

2023లో బీహార్ రెండో కొసకు పోయింది. ముందే 215 కోడ్‌లు ఖరారు చేసి ఎన్యూమరేటర్ల చేతికిచ్చింది. లెక్క తేలింది, 2023 అక్టోబర్ 2న ఫలితాలూ బయటికొచ్చాయి. అతి వెనుకబడినవారు 36.01 శాతం, షెడ్యూల్డు కులాలు 19.65 శాతం అని తెలిసింది. కోడ్ వుంటే పని జరుగుతుందని ఇది చూపించింది. దాంతోపాటు కోడ్ చేసే హింస గూడా బయటపడింది. ట్రాన్స్‌జెండర్లకు కులాల జాబితాలోనే 22వ కోడ్ ఇచ్చారు. దళిత కులంలో పుట్టిన ట్రాన్స్‌జెండర్ ఆ కోడ్ ఎంచుకుంటే కులం పోతుంది, కులం ఎంచుకుంటే తానే పోతుంది. జెండర్ అన్న గడిలో వుండాల్సిన విలువను కులం గడిలో పెట్టటం డేటాబేస్ పాఠాల్లో మొదటి తరగతి తప్పు. మనుషుల విషయంలో అది ఆ సముదాయం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చినంత పెద్ద తప్పు.

ఏం అడగాలి?

1931 తర్వాత మొదటిసారి అన్ని కులాల లెక్కను జనగణనలో భాగంగా తీస్తామని 2025 ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించింది. దాని ప్రాతిపదిక తేదీ 2027 మార్చి 1. కాగితాల బదులు యంత్రాల మీద జరిపే లెక్క ఇది. యంత్రంలో ఎక్కించే కోడ్‌ల జాబితా ఎవరు రాస్తారన్నదే అసలు రాజకీయం. శాతాలు వచ్చాక కొట్లాడటం ఎట్లాగూ వుంటుంది. కొట్లాట అంతకుముందే, ఈ పట్టిక దగ్గరే మొదలవ్వాలి.

మా దృష్టిలో అడగాల్సినవి ఇవి. కోడ్‌ల పట్టిక మొత్తాన్ని లెక్కకు ముందే తెలుగులోనూ, మిగతా భాషల్లోనూ అచ్చువేసి జనం ముందు పెట్టాలి. ప్రతి వరుసలో రాష్ట్రం, మతం షరతు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్న వివరాలుండాలి. చట్టం పేరూ, జనం పేరూ వేరు గడుల్లో వుండాలి. మనిషి చెప్పిన మాటను కోడ్ వేశాక చెరిపేయకూడదు, పక్కన దాచాలి. పేరు దొరకనివాళ్లు ఎంతమందో ప్రతి నివేదికలో విడిగా చెప్పాలి, వాళ్లను 'ఇతరులు'లో కలపకూడదు. పట్టిక సవరిస్తే ఎవరు, ఏ రోజు, ఎందుకు సవరించారో రాయాలి.

ఇవి ప్రభుత్వాన్ని అడిగేవి మాత్రమే కాదు. దళిత అధ్యయనాల్లో పనిచేసే మనం గూడా గణాంకాల పట్టిక అచ్చువేసినప్పుడు దాని కింద లేబుల్ ఎట్లా వచ్చిందో చెప్పటం అలవాటు చేసుకోవాలి. ఏ రకం జాయిన్ చేశామో, ముందు ఎన్ని వరుసలు, తర్వాత ఎన్ని వరుసలు వున్నాయో రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. యూనివర్సిటీల్లో మన పిల్లలకు సిద్ధాంతం చెబుతున్నాం, మంచిదే. దాంతోపాటు ఒక లెఫ్ట్ జాయిన్ రాసి, ఖాళీలు లెక్కపెట్టి, ఆ ఖాళీల్లో ఎవరున్నారో వెతకటం గూడా నేర్పాలి. ఊరి చివర వాడల్ని వెతికిపట్టుకున్న పరిశోధనకు ఫైలు చివర ఖాళీల్ని వెతకటం పెద్ద పనేం కాదు.